చొరబాటుదారు, వలసదారు, శరణార్థి: ఏ మాట ఎవరికి?



ప్రభుత్వ కార్యాలయాలలో జీవితం గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. దస్త్రంలో ఒక్క మాట తప్పుగా పడితే, దానిని దిద్దించుకోవడానికి మనిషి ఏళ్ల తరబడి తిరగవలసి వస్తుంది. నేడు బహిరంగ చర్చలలో 'చొరబాటుదారు' అనే మాట అలాగే పడుతున్నది.

'అక్రమ వలసదారు' ఎవరో పౌరసత్వ చట్టానికి 2003లో చేసిన సవరణ నిర్వచించింది: చెల్లుబాటయ్యే పత్రాలు లేకుండా వచ్చిన, లేదా పత్రాలతో వచ్చి గడువు మీరి ఉండిపోయిన విదేశీయుడు. 2019 సవరణ మూడు పొరుగు దేశాల నుండి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన ఆరు మతాలవారిని ఈ నిర్వచనం నుండి తప్పించింది. ముస్లింలను తప్పించలేదు. కనుక ఈ మాట బరువు మనపైనే ఎక్కువగా పడుతుంది. అయితే ఎవరి విషయంలోనైనా ముందుగా ఆ వ్యక్తి విదేశీయుడని తేలాలి.

అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పేరు లేనంత మాత్రాన విదేశీయులు కారని, ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. వారిని చొరబాటుదారులనడం విచారణకు ముందే తీర్పు చెప్పడం. మనవారు కొందరు జాలితో 'శరణార్థులు' అంటున్నారు. అదీ తప్పే. శరణార్థి అంటే స్వదేశంలో హింసకు భయపడి పరదేశం చేరినవాడు. ఆ మాటతో వారు ఈ దేశస్థులు కారని మనమే ఒప్పుకున్నట్లవుతుంది.

హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలోని రోహింగ్యాలకు 'శరణార్థి' అనే మాట సరిపోతుంది. కాని 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారతదేశం చేరలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు వీసా కాదు. ఈ నిజాన్ని మనం దాచరాదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణను పౌరులకే పరిమితం చేయలేదన్న నిజాన్ని ఎదుటివారూ మరువరాదు.

నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్లి, వీసా గడువు తీరినా అక్కడే చిక్కుకుపోయిన మన బిడ్డలను 'ఖల్లివల్లి' అంటాము. అక్కడి చట్టం దృష్టిలో వారిదీ అక్రమ నివాసమే. వారిని ఎవరైనా చొరబాటుదారులంటే ఏ తెలుగు తల్లి సహిస్తుంది?

కనుక మా విన్నపం ఒక్కటే. తేలని విషయాన్ని తేలలేదనే అందాం, తేలినదానికి చట్టం పెట్టిన పేరే వాడుదాం. పత్రికలో తప్పు మాట కనబడితే సంపాదకునికి మర్యాదగా ఉత్తరం రాద్దాం.