ఆవ నీళ్లు ఏ గంటకి కొలిచారు?

(ఎలమంచిలి సభలో చేసిన ప్రసంగ పాఠం)



1927 మార్చి 20న మహాద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులేం చేశారు? చెరువు మైలపడిందని ఆవు పేడ, మూత్రం కుండలకొద్దీ పోసి 'శుద్ధి' చేశారు! మన చెయ్యి తగిలిన మైల ఏ పరీక్షలోనూ తేలదు గానీ, వాళ్లు పోసిన పేడ మాత్రం తేలుతుంది.

మైల వేరు, కాలుష్యం వేరు. కాలుష్యాన్ని కొలవొచ్చు. మన పక్కనే కొండకర్ల ఆవ ఉంది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనంటారు. తాటిదోనెల మీద తిరిగి చేపలు పట్టుకునేవాళ్లకి అదే కూడు. కొల్లేరు గతి చూశాం కదా. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో ప్రపంచ రామ్‌సర్ జాబితాకెక్కించారు. అయినా 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాల్సొచ్చింది. జాబితాకెక్కినంత మాత్రాన నీళ్లు బాగుపడవు.

ఇక కొలతలోనే ఉంది కిటుకు. చేప పీల్చేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్ని. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రంతా అదే పీల్చేస్తుంది. మురుగు, ఎరువు చేరినకొద్దీ నాచు బలుస్తుంది. తెల్లారుగట్ల ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. చేపలు బతకాలంటే లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములుండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. మిట్టమధ్యాహ్నం జీపు దిగి గట్టు పక్కన సీసా ముంచితే అవే నీళ్లు పాసైపోతాయి. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది, చచ్చేది చేప!

అందుకే 'పరీక్ష చేశాం' అంటే ఊరుకోవద్దు. ఏ గంటకి తీశారు? గట్టు దగ్గరా, నడిమధ్యనా? ఎండల్లో నీళ్లు తగ్గినప్పుడు తీశారా? సీసాలో బుడగ లేకుండా మూతపెట్టి, మందు అక్కడికక్కడే కలిపారా? కలపకుండా విశాఖ దాకా మోసుకెళ్తే దారిలోనే లెక్క మారిపోతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఇవన్నీ తెల్ల కాగితం మీద రాసి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఫీజు కూడా లేదు.

ఏ మూల ఏ పూట నీళ్లు కంపుకొడతాయో దోనె నడిపేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కానీ నోటిమాటని ఆఫీసులో లెక్కచెయ్యరు. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, గంట, నీళ్ల రంగు, తేలిన చేపలు అందులో ఎక్కాలి. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు కదా, వాళ్లచేత రాయించండి. ఆ పుస్తకం అర్జీకి జతచేద్దాం. మునగపాక, అచ్యుతాపురం వైపు నుంచొచ్చినవాళ్లు సభయ్యాక కాసేపు ఆగండి, ఎవరు ఏ ఒడ్డు చూసుకోవాలో పేర్లు రాసుకుందాం.