ప్రాత వీణను పరీక్షించుట



సంతలో ఎద్దును కొనువాడు కొమ్ములకు పూసిన రంగును జూచి మోసపోడు. నోరు తెఱచి పండ్లు లెక్కించును. పుంగనూరు, మదనపల్లె సీమలవారికి ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. కాని పెద్దతిప్పసముద్రమువంటి గ్రామములలో తాతలనాటి వీణ అమ్మకమునకు వచ్చినపుడు ఆ వివేకము మనకు తోచదు. “నూఱేండ్ల బొబ్బిలి వీణ” యని యొకడనిన అధికధర యిత్తుము. “పనికిరాని కొయ్య” యని వేఱొకడనిన ఇంటిసొత్తును కారుచౌకగా వదలుకొందుము.

మొదట కొయ్యను చూడవలెను. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒక్క పనసమ్రానును తొలిచి ఏకాండి వీణలు చేయుట ప్రసిద్ధము. అందు కుండనుండి దండికి కొయ్యచాఱలు తెగక సాగును. మీది పలక వేఱుగానుండుట దోషము కాదు. భాగములను అతికిన ఒట్టువీణయు మంచివీణయే. దానిని ఏకాండి యని చెప్పుటయే మోసము.

పిమ్మట అరుగుదల. వాయించు వీణకు తంత్రులక్రింద మెట్లపై గాట్లు పడును. కుడిచేయి ఆనుచోట కుండయంచు నునుపగును. చేయి సోకని మూలలుకూడ సమముగా అరిగియున్నచో అది ఆకురాతి పనియని శంకింపవలెను. మెట్లక్రింది మైనము క్రొత్తదైనంతమాత్రమున వీణ క్రొత్తది కాదు; మేళము మరల కట్టించుట వాడుకయే.

కొందఱు దంతపుపనిని ప్రాచీనతకు సాక్ష్యముగా చూపుదురు. మన దేశమున ఏనుగుదంతపు వ్యాపారము 1986లోను, ఆఫ్రికాదంతపు వ్యాపారము 1991లోను నిషేధింపబడినవి. కావున అది దంతమైనచో అమ్మకము నేరము. ప్లాస్టిక్కైనచో మాట కల్ల.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో లియో ఫెండరు 1951లో ప్రెసిషన్ బేస్ అను విద్యుత్ గిటారును వెలువరించెను. దాని మెడ నాలుగు మరలతో బిగింపబడును గనుక ఒకదాని మెడను వేఱొకదానికి తగిలింపవచ్చును. అందుచే నేడు ప్రాతవానిని కొనువారు తలపైనున్న పేరును మాత్రమే నమ్మరు. మెడమొదట వ్రాసిన తేదీని, లోపలి విద్యుద్భాగములపై ముద్రించిన అంకెలను సరిపోల్చుదురు. ఒక సాక్షి బొంకవచ్చును. సాక్షులందఱును ఒకే బొంకు బొంకుట యరుదు.

కావున పెద్దలకు నా మనవి. ఇంట ప్రాతవీణ యున్నచో బేరమునకు ముందు దానిని గీకింపకుడు, మెఱుగు పూయింపకుడు. అవి సాక్ష్యమును చెఱచును. ఎవరు వాయించిరో, ఎవరు బాగుచేసిరో తెలిసినంత కాగితముపై వ్రాసియుంచుడు. కొనువాని మాటపై కాక, వీణలు చేయు పనివానికి చూపి వెల నిర్ణయింపుడు. వీణ మూగదైనను దాని కొయ్య మాటలాడును. వినుటకు మనకు ఓపిక యుండవలెను.