గాజుపలకలలో ఒక ఊరు

చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, సంధిపత్రములు మన తలంపునకు వచ్చును. కాని ఒక వీధి, అందలి అంగడి, వాకిట నిలిచిన ఇల్లాలు కూడ చరిత్రయే. ఆస్ట్రేలియాలోని ఒక ఛాయాచిత్రసంచయము ఇందుకు చక్కని నిదర్శనము.

న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున హిల్ ఎండ్ అనునది బంగారు గనుల ఊరు. 1872వ సంవత్సరమున హోల్టర్మన్ భాగస్వామిగా నున్న గనిలో 286 కిలోల బరువుగల బంగారు శిలాఖండము బయటపడెను. ఆ దినములలోనే బ్యూఫోయ్ మెర్లిన్, అతని సహాయకుడు చార్లెస్ బేలిస్ హిల్ ఎండ్, గల్గాంగ్ ఊళ్లలో ఇంటింటికి పోయి, ఇంటివారిని వాకిట నిలిపి చిత్రములు తీయుచుండిరి. హోల్టర్మన్ వారికి పోషకుడయ్యెను.

ఆనాడు గాజుపలకపై మందు పూసి, తడి ఆరకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలసి యుండెను. అందుచేత చీకటిగదియే బండినెక్కి వారి వెంట పయనించెను.

1873లో మెర్లిన్, 1885లో హోల్టర్మన్ గతించిరి. లోకము ఆ పలకలను మరచెను. 1951లో సిడ్నీ నగరపు చాట్స్‌వుడ్ ప్రాంతమున, ఒక తోటలోని కొట్టములో సుమారు 3,500 పలకలు దొరకెను. హోల్టర్మన్ వంశీయులు వానిని మిచెల్ గ్రంథాలయమునకు ఒసగిరి. ఆ గ్రంథాలయమును డేవిడ్ స్కాట్ మిచెల్ అను పుస్తకప్రియుడు జీవితమెల్ల కూర్చి, ప్రజలకు వ్రాసియిచ్చిన సంపుటముల కొరకై 1910లో తెరచిరి.

నేడు ఆ పలకలను పెద్దవి చేసి చూచినచో అంగడి పేరుపలకలోని అక్షరములు సైతము చదువవచ్చును. అయినను చిత్రము మౌనియే. వాకిట నిలిచినవారెవ్వరో చెప్పదు. పేరుపలకపై దొరకిన పేరును ఆనాటి వార్తాపత్రికలలో వెదకవలెను. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయము 2009లో ప్రారంభించిన ట్రోవ్ అను సేవ ద్వారా పాత పత్రికలను ఇంటినుండియే చదువవచ్చును. ఆ ప్రకటనలలో, మరణవార్తలలో ఆ పేరు కనబడినపుడు మౌనచిత్రము మాటాడును.

మరియొక హెచ్చరిక యవసరము. చిత్రకారుడు ముఖ్యముగా నిలిపినది గృహస్థులను, వర్తకులను, గనివారలను. ఆ నేల విరాజురీ జాతివారిది. చిత్రములలో వారి జాడ అరుదైనంత మాత్రమున వారు లేకుండిరని తలచుట పొరపాటు. సంచయములో ఉన్నదానితోపాటు లేనిదానిని కూడ గ్రహించినవాడే చరిత్రను చదివినవాడు.

ఒక కొట్టము కూలియుండినచో ఒక ఊరి ముఖమే చెదరియుండెడిది. కావున పెద్దలు సజీవులై యుండగనే పాత చిత్రముల వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుడు. రేపటి చరిత్రకారునకు అంతకు మించిన ఉపకారము లేదు.