సైకిల్ పందేల మీద మందుల మచ్చ
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మందుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి, బి.పి. గోళీ పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అనేది చెబుతానని వారి ఉద్దేశం కావచ్చు. అది డాక్టరు గారు చెప్పవలసిన సంగతి. నేను కూడా మందుల గురించే మాట్లాడతాను. అయితే అవి రోగులు వాడే మందులు కావు, ఆటగాళ్ళు వాడే మందులు. ఎందుకు ఈ విషయం ఎంచుకున్నానో ముందు మనవి చేస్తాను.

నా పెద్ద మనవడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వాడికి సైకిల్ రేసుల పిచ్చి. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట వేశారు కదా, దానిలో ఒక భాగం నార్సింగి నుంచి మన కొల్లూరు దాకా వస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి అక్కడికి పోతాడు. రెండు నెలల క్రితం ఒక సాయంత్రం మా వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు, "ఏంది సారూ, మనవణ్ణి సైకిల్ రేసులల్ల ఏసిన్రట! అండ్ల అందరు సూదులు ఏసుకునెటోళ్ళే గద. మంచిగ క్రికెట్ల ఏయకపోయిన్రా" అన్నాడు. నవ్వుతూ అన్న మాటే. వీడు గుమ్మంలో నిలబడి విన్నాడు. మర్నాడు నాలుగున్నరకు అలారం మోగింది గానీ వాడు లేవలేదు. సైకిలు వారం రోజులు గోడకే ఉంది.

ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. కోపం లేదు. అతను అన్నదానిలో సగం నిజం. ఆ సగం ముందు చెప్పి, మిగతా సగం తర్వాత చెబుతాను.

మన రోజుల్లో సైకిలంటే పందెం కాదు, షిఫ్టు. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం దాకా ఎదురుగాలిలో డబ్బా క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని తొక్కినవాళ్ళం. ఆలస్యమైతే గేటు దగ్గర అర పూట జీతం పోయేది. యూరపులో ఇదే సైకిలు మీద మూడు వారాలు పందెం కడతారు. టూర్ డి ఫ్రాన్స్ అని 1903లో మొదలైంది. కొండలు, లోయలు కలిపి మూడు వేల కిలోమీటర్లకు పైబడి తొక్కాలి. మనిషి దేహం ఇది తట్టుకుంటుందా అనిపించేటంత కష్టం. అందుకే మందులు కూడా దాదాపు మొదటి నుంచీ ఉన్నాయి. 1967 జూలై 13న టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు రైడరు వాంటూ కొండ ఎక్కుతూ ఎండలో కూలిపోయి చనిపోయాడు. అతని రక్తంలోను, చొక్కా జేబులోను యాంఫెటమిన్ దొరికింది. అలసట తెలియనివ్వని మందు అది. అలసట తెలియకపోతే ఆగాలని కూడా తెలియదు.

తర్వాత వచ్చింది ఈపీవో. ఆ పేరు ఈ సభలో కొందరి ఇళ్ళలో తెలుసు. మా బావమరిదికి వారంలో మూడుసార్లు డయాలసిస్. మూత్రపిండాలు చెడినప్పుడు రక్తం తగ్గిపోతుంది. ఎర్రకణాలు తయారు చెయ్యమని ఎముక మూలుగకు కబురు పంపే హార్మోను మూత్రపిండాల్లోనే పుడుతుంది కనుక. ఆ కబురే ఈ ఇంజక్షన్. అది మొదలుపెట్టాక మా బావమరిది మెట్లెక్కి మా ఇంటికి రాగలిగాడు. ఆ రోజు మా ఇంట్లో పండుగే. అదే ఇంజక్షన్ ఆరోగ్యవంతుడైన రైడరు తీసుకుంటే ఎర్రకణాలు ఇంకా పెరుగుతాయి. ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, కొండ తేలికవుతుంది. రక్తం చిక్కబడి గుండెకు ప్రమాదం. దేహంలో సహజంగా ఉండే హార్మోనే కాబట్టి బయటి నుంచి ఎక్కించినది కనిపెట్టే పరీక్ష చాలా ఏళ్ళు లేదు. ఒలింపిక్స్‌లో అది వాడుకలోకి వచ్చింది 2000లో, సిడ్నీలో.

పరీక్ష లేని ఆ రోజుల్లో, 1997లో, సైకిల్ సంఘం వారు ఒక హద్దు గీశారు. రక్తంలో ఎర్రకణాల పాలు నూటికి యాభై దాటితే పదిహేను రోజులు పక్కన కూర్చోవాలి. క్వాలిటీ కంట్రోల్ మనిషిగా నాకు అది చదవగానే నవ్వొచ్చింది. హద్దు రాసి పెడితే ఏమవుతుందో ప్లాంటులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. నలభై మూడు ఉన్నవాడు నలభై తొమ్మిదిన్నరకు తెచ్చుకుంటాడు. హద్దే లక్ష్యమైపోతుంది.

మరుసటి ఏడాది, 1998 జూలై 8న, ఫెస్టినా అనే జట్టు సిబ్బంది ఒకరు కారు నిండా ఈపీవో, ఇతర మందులతో ఫ్రాన్స్ సరిహద్దులో కస్టమ్స్ వారికి దొరికాడు. జట్టును ఇంటికి పంపారు. పోలీసులు హోటళ్ళు సోదా చేశారు. కోపంతో కొన్ని జట్లు వెళ్ళిపోయాయి. బయలుదేరిన 189 మందిలో చివరికి మిగిలింది 96 మంది. తర్వాత వచ్చిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ మీకు తెలుసు. క్యాన్సర్ నుంచి లేచి 1999 నుంచి 2005 దాకా వరుసగా ఏడుసార్లు గెలిచాడు. 2012లో ఏడూ పోయాయి. 2013 జనవరిలో టీవీలో ఒప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అన్నేళ్ళలో అన్ని పరీక్షలు చేసినా ఒక్కదాని మీదా అతనికి శిక్ష పడలేదు. 1999లో ఒకసారి స్టెరాయిడ్ ఆనవాలు దొరికితే వెనకటి తేదీ వేసిన డాక్టరు చీటీతో గట్టెక్కాడు. చివరికి పట్టించింది మనుషుల సాక్ష్యం. ఇరవై ఆరుగురు చెప్పారు, వారిలో పదకొండు మంది అతని పాత జట్టువాళ్ళే.

మన మిత్రుడి మాటలో నిజమైన సగం ఇదీ. ఇక రెండో సగం.

మా కంపెనీలో రెండు బ్లాకులు ఉండేవి. ఒక ఏడాది మా బ్లాకులో పదకొండు బ్యాచ్‌లు రిజెక్టయ్యాయి. పక్క బ్లాకులో ఒక్కటి కూడా కాలేదు. ఆగస్టు పదిహేనున జెండా వందనం దగ్గర వాళ్ళకు షీల్డు, తలా ఒక స్టీలు క్యారేజీ ఇచ్చారు. మాకు మేనేజరు గారి ఉపన్యాసం. దీపావళికి గానీ అసలు సంగతి బయటపడలేదు. వాళ్ళ ల్యాబులో మలినాలు కొలిచే యంత్రం చెడిపోయి నాలుగు నెలలైంది. మెల్టింగ్ పాయింటు ఒక్కటి చూసి సరుకు పంపేస్తున్నారు. చూడనిది ఎలా దొరుకుతుంది? ఆ ఏడాది మాకు చెడ్డ పేరు, వాళ్ళకు క్యారేజీలు.

ఆటల విషయం చదువుతుంటే నాకు పదేపదే ఆ క్యారేజీలే గుర్తొచ్చాయి. సైకిల్ పందేలు పరువు పోగొట్టుకున్న ఆ 1998 వేసవిలోనే అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ 70 హోమ్ రన్లు కొట్టి దేశాన్ని ఊపేశాడు. అతని అలమారలో కండలు పెంచే మందు సీసా ఒక విలేకరికి కనపడింది. ఆ ఆటలో దానిపై నిషేధం లేదు కాబట్టి చప్పట్లు ఆగలేదు. స్టెరాయిడ్లు వాడానని అతను 2010లో చెప్పాడు.

2006లో స్పెయిన్‌లో ఫ్యూయెంటెస్ అనే డాక్టరు మీద పోలీసులు దాడి చేస్తే రెండు వందలకు పైగా రక్తం సంచులు దొరికాయి. ఆటగాళ్ళ రక్తమే తీసి, దాచి, పందెం ముందు మళ్ళీ ఎక్కించడానికి. పేర్లు బయటికొచ్చిన సైక్లిస్టులను ఆ ఏడు టూరుకు రానివ్వలేదు. ఫుట్‌బాల్, టెన్నిస్ ఆటగాళ్ళు, బాక్సర్లు కూడా తన దగ్గరికి వచ్చేవారని ఆ డాక్టరే 2013లో కోర్టులో చెప్పాడు. పేర్లు చెప్పనక్కర లేదంది కోర్టు. సంచులు ధ్వంసం చెయ్యమంది కూడా. పై కోర్టు 2016లో వాటిని డోపింగ్ అధికారులకు ఇమ్మన్నది గానీ, అప్పటికి చర్య తీసుకునే గడువే దాటిపోయింది. లోకానికి గుర్తున్నది సైక్లిస్టులే.

మన క్రికెట్ సంగతీ అంతే. 2009లో ఆటగాళ్ళు ఎప్పుడెక్కడ ఉంటారో ముందుగా చెప్పాలన్న నియమాన్ని మన బోర్డు ఒప్పుకోలేదు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరిధిలోకి వచ్చింది 2019 ఆగస్టులో. దానికి కొద్ది రోజుల ముందే పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది. టెర్బుటలిన్, అంటే దగ్గు సిరప్‌లో ఉండే మందు. క్రికెటర్లు దొంగలని నేననడం లేదు. చూడనంత కాలం శుభ్రమని చెప్పడానికి ఆధారం లేదంటున్నాను. సైకిల్ వాళ్ళు మాత్రం దెబ్బ తిన్నాక అయినా రక్తం లెక్క ఏళ్ళ తరబడి రాసిపెట్టే 'పాస్‌పోర్టు' పద్ధతి 2008లోనే మొదలుపెట్టారు.

పటాన్‌చెరులో ఉండి ఈ మాట నేను కొత్తగా చెప్పనక్కర లేదు. ఎఫ్లూయెంటులో మేం ఏళ్ళ తరబడి కొలిచింది పీహెచ్, సీవోడీ, ఉప్పులు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో మందులనే కొలిచారు. సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ గోళీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా పాకింది. మచ్చ నిజమైనదే, నక్కవాగు పక్క ఊళ్ళ రైతులను అడగండి. కానీ కొలవని ఊళ్ళన్నీ కడిగిన ముత్యాలని దాని అర్థం కాదు కదా.

మన దేశపు అథ్లెటిక్స్ చూడండి. 2010 కామన్వెల్తు, ఆసియా క్రీడలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచిన మహిళల రిలే జట్టులో ముగ్గురు 2011లో స్టెరాయిడ్లతో దొరికారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ గోళీల వల్ల వచ్చిందన్నారు. నిషేధం తప్పలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు పరీక్షాధికారులు వచ్చారని తెలియగానే పురుషుల వంద మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరిగెత్తాడు. మిగతావారు మాయం. ఆ ఒక్కడి మనసు ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ ఏడాది మన దేశంలో తీసిన 5,606 నమూనాల్లో 213 తప్పాయి.

బరువులెత్తే ఆట కథ సైకిలు కన్నా తీసిపోదు. 2000లో సిడ్నీలో మన ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. అక్కడే బల్గేరియా వాళ్ళు మూడు పతకాలు ఫ్యూరోసమైడ్ వల్ల పోగొట్టుకున్నారు. అది మనలో కాళ్ళు వాచినవాళ్ళు వేసుకునే గోళీ. బరువు తగ్గడానికీ, మూత్రంలో ఇతర మందుల జాడ పలచబడటానికీ వాడతారు. ఇన్సులిన్ కూడా నిషేధ జాబితాలో ఉంది. నా మందుల డబ్బాతో నేను ఏ పోటీకీ పనికిరాను, ముందుగా అనుమతి చీటీ తెచ్చుకుంటే తప్ప. మన దేశపు లిఫ్టర్లు వరుసగా దొరికినందుకు 2010లో మన సమాఖ్య అయిదు లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అందుకని మల్లీశ్వరిని అనుమానిద్దామా? ఆ ఆటలో అందరూ అంతే అనడంలో ఉన్న అన్యాయం ఇదే. దొరికినవాడి పాపం దొరకనివాడికి, అసలు చెయ్యనివాడికి సమానంగా పంచుతాం.

చెయ్యనివాడు ఒకడి గురించి చెప్పాలి. క్రిస్టోఫ్ బాసోన్స్. ఆ ఫెస్టినా జట్టులోనివాడే. వీడు మందు ముట్టడని పట్టుబడిన సహచరులే పోలీసులకు చెప్పారు. 1999 టూరులో అతను పత్రికలో రాస్తూ ఇంకా మందులు నడుస్తున్నాయన్నాడు. మిగతా రైడర్లు మాట్లాడటం మానేశారు. పందెం నడుస్తుండగానే ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి ఇంటికి పొమ్మన్నాడు. బాసోన్స్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. తర్వాత ఆటే వదిలేశాడు. బయటి లోకానికి మాత్రం అతనూ సూదులు వేసుకునే గుంపులో ఒకడే.

అతని గురించి చదివినప్పుడు నేను కొంచెం తలదించుకున్నాను. ఒకసారి ఒక బ్యాచ్ తప్పితే, పైవారు మళ్ళీ చెయ్యమన్నారు, మళ్ళీ చెయ్యమన్నారు. నాలుగోసారికి పాసయ్యింది. మొదటి మూడు కాగితాలు ఏమయ్యాయో నాకు తెలుసు. సంతకం నాదే. ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలు ఉంది ఆ రోజుల్లో. అందుకే ఫెస్టినా కుర్రాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు, బాసోన్స్‌కు దండం పెట్టకుండా ఉండటానికి మనసొప్పదు.

ఇదంతా మనవడికి చెప్పాను, సంతకం సంగతితో సహా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాతా, నన్ను కూడా పరీక్ష చేస్తారా?" అన్నాడు. గెలిస్తే చేస్తారన్నాను. లోపలికి వెళ్ళి, ఎవరో కోచింగు కుర్రాడు అంటగట్టిన ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. వెనక చీటీ భూతద్దం పెట్టి చదివాను. పదహారు పేర్లున్నాయి, వాటిలో మూడింటికి పరిమాణం రాయలేదు. నేనైతే ఆ సరుకును గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు అన్నాను. ఆ డబ్బా సీలు తియ్యకుండా మా అలమార మీదే ఉంది. చూడదలచినవారు ఆదివారం రావచ్చు. మీ ఇళ్ళలో పిల్లలు ఇలాంటివి తింటుంటే ఆ చీటీలు కూడా పట్టుకు రండి, కలిసి చదువుదాం.

సైకిలు గోడ మీద నుంచి దిగింది. మొన్న బ్రేకు వైరు తెగిందని డబ్బులడిగాడు.