చుండూరు సమాధులు, మన నిరీక్షణ



కూకట్‌పల్లిలో ఈ స్మారకోపన్యాసం వినడానికి వచ్చిన మీలో చాలామంది సొంతూళ్లు గుంటూరు, ప్రకాశం వైపే. అందుకే చుండూరు మాట ఎత్తుతున్నాను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో రాజుకున్న పగ అది.

మనలో ఎవరైనా పోతే ఆదరణ కూటం పెట్టుకుంటాం. పాటలు, వాక్యం, భోజనాలు. అంతా దేవుని చిత్తం అనుకుని లేస్తాం. ముసలితనంతో పోయినవారి విషయంలో ఆ మాట చెల్లుతుంది. నరికి చంపిన బిడ్డ తల్లితో అదే మాట అంటే, హంతకుడి పాపం తీసుకెళ్లి దేవుడి మీద వేసినట్టే.

చుండూరువాళ్లు అలా సర్దుకోలేదు. తమవాళ్లను ఊరి నడిబొడ్డున సమాధి చేసి, ఆ చోటును రక్తక్షేత్రమన్నారు. సమూయేలు రెండో గ్రంథంలో రిస్పా అనే తల్లి చేసిందీ ఇలాంటిదే. మన ప్రసంగాల్లో ఆమె పేరు వినపడదు. ఎందుకో అయ్యగార్లే చెప్పాలి. బండ మీద గోనెపట్ట పరుచుకుని, కోతలు మొదలైన నాటి నుంచి వాన కురిసేదాకా, కొడుకుల శవాల మీద పగలు పక్షుల్ని వాలనివ్వలేదు, రాత్రి మృగాల్ని రానివ్వలేదు. ఆమె ఏడ్చిందని గ్రంథం చెప్పదు. ఆ కబురు రాజైన దావీదు చెవిన పడ్డాకే ఎముకలకు సమాధి దక్కింది.

అంతకుముందు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు మిగిలినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊరు వెళ్లబోమన్నారు, వెళ్లలేదు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వాళ్ల పక్కన నిలబడ్డారు. ఆ పోరాటం తర్వాతే 1989లో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వచ్చింది. చుండూరు కేసుకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

మరి నిరీక్షణ ఏమైనట్టు? కూలీనాలీ చేసుకునేవాళ్లు సొంత ఊళ్లో, ఆసాముల ఎదుటే బోనెక్కి, చంపింది వీళ్లేనని చెప్పారు. ఆ తెగువను ఏ పైకోర్టూ కొట్టెయ్యలేదు. నా మటుకు నిరీక్షణ అక్కడుంది.

ఇక మన సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. అందుకే మనలో ఎందరికో సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో మతం. హోదా పోతుందన్న భయం వల్లే చుండూరు పేరు మన ఆరాధనల్లోకి రాదు. అయినా కులం మనల్ని వదల్లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చినా, ఇల్లు అద్దెకు అడిగితే ఇంటిపేరు, ఊరు అడిగి కులం ఆరా తీస్తూనే ఉన్నారు.

వచ్చే ఆగస్టు 6న మీ సంఘంలో ఆ ఎనిమిది మంది పేర్లూ చదివించండి. కులం తెలిశాక ఇల్లు లేదన్న ఓనరు దగ్గరికి, ఇల్లు అడిగిన కుర్రాడి వెంట సంఘ పెద్దలు ఇద్దరు వెళ్లండి.