పడవ ఎవరి పేరున ఉంది?

(స్త్రీల ఆస్తి హక్కుల మీద కాకినాడలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)



రెండు రోజులుగా ఆస్తి హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. పొలం గురించి, ఇంటిపట్టా గురించి, పెన్షన్ గురించి చాలామంది తమ అనుభవాలు చెప్పారు. నేను పడవల గురించి చెబుతాను. నాకు అరవై మూడేళ్ళు. మూడు చిన్న పడవలున్నాయి. మూడూ నా డబ్బుతో కొన్నవే. అందులో ఒకదానికి తెరచాప ఉంది. ఆ చాప ఎత్తేదీ నేనే, చుక్కాని పట్టేదీ నేనే. ఈ మాట ఎక్కడ చెప్పినా ముందు ఒక నవ్వు వినిపిస్తుంది. ఇప్పుడు ఇక్కడా వినిపించింది. ఆడది, అందులోనూ ముసలమ్మ, పడవేమిటి అన్న ఆ నవ్వు వెనక ఏముందో చూద్దాం.

మాది తాళ్ళరేవు ప్రాంతం. చెక్కపడవలు కట్టడానికి పేరున్న చోటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పెరిగిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడంతో పాటు సరుకు రవాణాకి కూడా దారులయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీదే వెళ్ళేవి. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. మా తాతకి అలాంటి పడవలు రెండుండేవి. ఎనిమిదేళ్ళ వయసులో ఆయన నాచేత చుక్కాని పట్టించాడు. గాలికి ఎదురుగా పడవ తిన్నగా పోదని, ఓసారి కుడికి ఓసారి ఎడమకి ఏటవాలుగా కోసుకుంటూ పోవాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ రోజు నుంచి పడవ ఎక్కనివ్వలేదు. నాకంటే చిన్నవాడు, మా తమ్ముడు, ఎక్కుతూనే ఉన్నాడు. ముట్టయ్యే ఆడది కాలు పెడితే పడవకి అరిష్టమన్నారు. తీరంలో ఇప్పటికీ ఈ మాట వినని ఊరు తక్కువ. నీళ్ళు గంగమ్మ అంటారు. పడవకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు, ఆడపేర్లు పెట్టుకుంటారు. ఆడమనిషి మాత్రం ఒడ్డున నిలబడి ఎదురు చూడాలి, వచ్చిన చేపని తట్టలో పెట్టుకుని అమ్ముకు రావాలి. పడవకి చేసిన అప్పు తీర్చడంలో ఆమె చెమట ఉంటుంది. పడవ కాగితం మీద ఆమె పేరు ఉండదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం చేశారు. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. అంతకుముందే పెళ్ళయిన కూతుళ్ళకి మాత్రం అది వర్తించలేదు. నా పెళ్ళి 1982లో అయింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ తేడా తీసేసింది. అప్పటికి మా తాత పడవలూ లేవు, కాలవల మీద ఆ రవాణా కూడా లేదు. నాకు వాటా అడిగే హక్కు వచ్చేసరికి పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఉద్యోగం, పిల్లలు, అత్తగారి జబ్బు, వీటి మధ్య నలభై ఏళ్ళు గడిచాయి. పదవీ విరమణ తర్వాత మా ఊరు తిరిగొచ్చాను. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక పాత చెక్కనావ కొన్నాను. పద్దెనిమిది అడుగులుంటుంది. మేస్త్రీ పలకల సందుల్లో నార కుక్కి, గుగ్గిలం పూసి బాగు చేశాడు. చీటీ రాయడానికి కూర్చుని, "అయ్యగారి పేరు చెప్పండమ్మా" అన్నాడు. "నావ నాదండీ, నా పేరే రాయండి" అన్నాను. అతను కలం పట్టుకుని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నోరు తెరవలేదు. పొలం కాగితాల దగ్గర, బ్యాంకుల దగ్గర ఆడవాళ్ళకి ఎదురయ్యేది కూడా ఈ చూపే. డబ్బు ఆమెది, సంతకం ఆమెది, అయినా కళ్ళు పక్కనున్న మగవాడి మీద. రెండోసారి గట్టిగా చెప్పాక నా పేరు రాశాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ సంపాదించుకున్న ఆస్తి, స్థిరమైనదైనా చరమైనదైనా, పూర్తిగా ఆమెదే. చట్టంలో ఉన్న మాటని చీటీలోకి తెచ్చుకోవడానికి కూడా గొంతు పెంచాల్సి వచ్చింది.

మళ్ళీ నేర్చుకోవడం తేలిక కాలేదు. మోకాళ్ళు వంగవు. మొదటి నెలంతా తాడు రాసుకుని అరచేతులు బొబ్బలెక్కాయి. వరసకి బాబాయి అయ్యే ఒక ముసలి సరంగు నాతో వచ్చేవాడు. ఒంట్లో బలం తగ్గితే గాలినీ నీటినీ ఎక్కువ వాడుకోవాలని చెప్పాడు. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి ఇటు తిరుగుతుంది. పాటుతో దిగువకి వెళ్ళి పోటుతో వెనక్కి రావాలి. అది లెక్క చూసుకుంటే తెడ్డు వేసే పని సగం తగ్గుతుంది. చిన్నప్పుడు చేతులకి తెలిసినది ఇప్పుడు బుర్రతో చేస్తున్నాను.

"ఒక్కదానికి మూడు పడవలెందుకు?" అని అడుగుతారు. ఇంట్లో మూడు మోటారు సైకిళ్ళున్న మగవాణ్ణి ఎవరూ అడగరు. అయినా జవాబు చెబుతాను. నావ వెడల్పు నీళ్ళలో చాప ఎత్తడానికి, అది నా సంతోషం కోసం. తాటిదోనె ఇరుకు కాలవల్లోకి, మడ అడవి పాయల్లోకి వెళ్ళడానికి. మూడోది ఫైబర్ తెప్ప. దాన్ని మా పేటలో భర్తలు పోయిన ఇద్దరు స్త్రీలు పీతల వేటకి తీసుకెళతారు. వాళ్ళ భర్తల పడవలు మరుదుల చేతుల్లోకి పోయాయి. అద్దె తీసుకోను, దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు ముగ్గురం పంచుకుంటాం. వచ్చే ఏడాది ఆ తెప్పని వాళ్ళిద్దరి పేరున రాసిస్తున్నాను. దానికి మా అబ్బాయి ఒప్పుకోలేదు. వాడి ఒప్పుదల అవసరం లేదని చెప్పాను. ఇంట్లో ఇంకా మాటలు సరిగా లేవు. సొంత ఆస్తి అంటే ఈ ఖరీదు కూడా ఉంటుంది.

ఇది పెన్షనున్న ఆవిడ సరదా కదా అని నిన్న ఒక చెల్లెలు అంది. కూలికి పోయే స్త్రీకి నాకున్న తీరిక లేదు, నిజం. అయితే నీటి పక్కన బతికే ఆడవాళ్ళకి నీళ్ళు తెలియకపోవడం సరదా విషయం కాదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ బోల్తా పడి, బడి నుంచి ఇంటికొస్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. రోజూ పడవ ఎక్కాల్సిన లంకల పిల్లలకి ఈత నేర్పడం, లైఫ్ జాకెట్ ఇవ్వడం వాళ్ళ హక్కు. మగపిల్లలు కాలవలో దూకి వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు. ఆడపిల్లని పదేళ్ళు దాటగానే గట్టుకి రానివ్వం. ఆ తర్వాత నీళ్ళకి ఆమె భయపడుతుందని మనమే అంటాం.

ఆడవాళ్ళ వల్ల కాదనేవాళ్ళకి రెండు సంగతులు చెప్పండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరిన తారిణి అనే తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళలు ప్రపంచాన్ని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో హైదరాబాదుకి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన స్వాతి మన తెలుగువాళ్ళు. ఇక వయసు మాట. బ్రిటన్‌కి చెందిన జీన్ సోక్రటీస్ అనే ఆవిడ నడివయసులో తెరచాప పడవ నేర్చుకుంది. 2019లో, 77వ ఏట, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చింది. నేను గౌతమి దాటి పోను. దాటగలనా లేదా అన్నది మాత్రం నా మోకాళ్ళూ నేనూ కలిసి తేల్చుకుంటాం.

తీరంలో పనిచేసే సంఘాలకి మూడు పనులు చెప్పి ముగిస్తాను. మీ ఊళ్ళో పడవలు ఎన్ని, అందులో స్త్రీల పేరున ఎన్ని అని లెక్క రాయండి. భర్త పోయిన స్త్రీ చేతి నుంచి పడవ జారిపోకముందే, నెలలోపు, ఆమె ఇంటికి వెళ్ళి కాగితాలు చూడండి. బడి ఉన్న ప్రతి లంకలో ఆడపిల్లలకి ఈత నేర్పాలని అర్జీ పెట్టండి. ఈత నేర్పడానికి మనిషి కావాలంటే నాకు కబురు చేయండి. చుక్కాని పట్టడం కూడా నేర్పుతాను.