బొలీవియా ఎన్నికల పాఠం



2002లో దక్షిణ అమెరికాలోని బొలీవియాలో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. మాజీ అధ్యక్షుడు గొంజాలో శాంచెజ్ ది లోసాదా మళ్లీ బరిలోకి దిగారు. జనం ఆయన్ని గోనీ అంటారు. ఆయన్ని గెలిపించడానికి అమెరికా నుంచి ఎన్నికల వ్యూహకర్తలు వచ్చారు. ఆ ప్రచారాన్ని లోపలి నుంచి చూపించిన డాక్యుమెంటరీ 'అవర్ బ్రాండ్ ఈజ్ క్రైసిస్'. దర్శకురాలు రేచల్ బాయింటన్.

అందులో ఓ గదిలో మామూలు ఓటర్లు కూర్చుని మనసులో మాట చెబుతుంటారు. అద్దం అవతల వ్యూహకర్తలు చెవులు రిక్కించి వింటుంటారు. దేశం సంక్షోభంలో ఉంది, గట్టెక్కించే అనుభవం గోనీకే ఉంది అనే ప్రచారం అలా తయారవుతుంది.

గోనీ నెగ్గారు. కానీ వచ్చిన ఓట్లు 22 శాతం పైచిలుకే. పార్లమెంటు మద్దతుతో గద్దెనెక్కారు. 2003 ఫిబ్రవరిలో జీతాలపై పన్ను ప్రతిపాదన అల్లర్లు రేపింది. ఆ తర్వాత సహజవాయువును చిలీ మీదుగా ఎగుమతి చేస్తారన్న వార్త నిప్పు రాజేసింది. 19వ శతాబ్దంలో తమ సముద్రతీరాన్ని లాక్కున్న దేశమని చిలీపై బొలీవియా ప్రజలకు తీరని కోపం. అక్టోబరులో ఎల్ ఆల్తో నగరం భగ్గుమంది. సైన్యం కాల్పుల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 17న గోనీ రాజీనామా చేసి అమెరికా వెళ్లిపోయారు.

నలుగురిలో ముగ్గురు ఓటెయ్యని నాయకుడు, వాళ్లనూ కలుపుకుపోతేనే పాలించగలడు. ప్రచారంలో ఓటరు మాట విన్న శ్రద్ధ పాలనలోనూ ఉండాలి. ఈ చిత్రం తప్పక చూడండి.